చిలుము పట్టిన యాభై బైట్లు

పాత కంప్యూటరు పని చేయడం మానేస్తే ఎక్కువమంది చెప్పే కారణం ఒకటే, దానికి కాలం చెల్లిందని. 1990 ప్రాంతంలో కొన్న పెట్టె, అటక మీద ముప్పై ఏళ్లు పడి ఉంది, ఇంకేం పని చేస్తుందిలే అని తీర్పు చెప్పేస్తారు. మూత విప్పి చూస్తే మాత్రం లోపలి దృశ్యం ఆ తీర్పుకు సాక్ష్యం చెప్పదు. దుమ్ము దులిపితే మదర్‌బోర్డులో ముప్పాతిక భాగం నిన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంటుంది. చిప్పుల మీద అక్షరాలు చెరగలేదు, టంకం మెరుపు తగ్గలేదు. ఒక్క మూల మాత్రం, సాధారణంగా కీబోర్డు వైరు దూర్చే సాకెట్ పక్కన, కుళ్లి ఉంటుంది. అక్కడ చిటికెన వేలంత లావున నీలం తొడుగు వేసుకున్న చిన్న పీపా ఒకటి కనిపిస్తుంది. దాని రెండు కొసల్లో తెల్లటి పిండి, చుట్టూ పచ్చటి చిలుము. కాలమే కారణమైతే బోర్డు అంతా ఒకేలా ముసలిదవ్వాలి. ఒక మూలే చచ్చి మిగతాదంతా బతికి ఉందంటే దోషి ఆ మూలలోనే కూర్చుని ఉన్నాడని అర్థం. ఆ పీపా బ్యాకప్ బ్యాటరీ. ఇంతవరకు చాలామంది ఒప్పుకుంటారు. ఈ అధ్యాయం ఇంకో అడుగు ముందుకేసి చెప్పేదేమిటంటే, తప్పు ఆ బ్యాటరీ వయసులో కంటే, దాని రసాయనంలో కంటే, దాన్ని పెట్టిన చోటులో ఉంది. అందుకని పాతది పీకి అదే చోట కొత్తది అతికించడాన్ని మరమ్మతు అనలేం.

ముందు ఆ బ్యాటరీ చేసే పనేమిటో చూడాలి, ఎందుకంటే అది చేసే మేలుకూ తెచ్చే కీడుకూ పొంతన లేదు. 1984 ఆగస్టులో ఐబీఎం సంస్థ పీసీ ఏటీ అనే కంప్యూటరును విడుదల చేసింది. అందులో మోటరోలా తయారీ ఎంసీ 146818 అనే చిప్పు ఉంది. దాని పక్కన సెకనుకు 32,768 సార్లు కంపించే స్ఫటికం. ఆ సంఖ్య వింతగా కనిపించినా లెక్క తేలికే, పదిహేనుసార్లు సగం చేస్తే ఒకటి మిగులుతుంది, అదే ఒక సెకను. కరెంటు తీసేసినా ఆ గడియారం నడవాలి, యంత్రంలో ఏ డిస్కు ఉంది, ఎంత మెమరీ ఉంది అన్న వివరాలు గుర్తుండాలి. దీనికోసం చిప్పులో ఉన్న జ్ఞాపకశక్తి మొత్తం 64 బైట్లు. అందులో 14 గడియారానికి, దాని అజమాయిషీకి పోతే వివరాలు రాసుకోవడానికి మిగిలేవి 50. ఇవాళ ఫోన్లలో తెలుగు అక్షరాలను దాచే యూనికోడ్ పద్ధతిలో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు పడతాయి. ఆ లెక్కన ‘హవేలిఘనపూర్’ అని రాస్తే గుణింతపు గుర్తులు, పొల్లు కలుపుకుని పదకొండు సంకేతాలు, 33 బైట్లు. పక్కన ఒక్కో బైటు చొప్పున కామా, ఒక ఖాళీ, ఆపైన ‘మెదక్’ అని రాస్తే సరిగ్గా యాభై. అంటే ఒక ఉత్తరం మీద ఊరి పేరు, జిల్లా పేరు పట్టేంత జాగా. వీధి పేరుకు చోటు లేదు. దాన్ని కాపాడటానికి పెట్టిన కాపలాదారు మొత్తం బోర్డునే తినేస్తున్నాడు.

జ్ఞాపకానికి బ్యాటరీ కావాలన్న నియమం మొదటినుంచీ ఉన్నది కాదు. 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఈసీఐఎల్, అయ్యగారి సాంబశివరావు గారి సారథ్యంలో, 1969లోనే టీడీసీ 12 అనే కంప్యూటరును తయారు చేసింది. ఆ తరం యంత్రాల్లో ఒక్కో బిట్టూ ఆవగింజంత ఫెరైట్ ఉంగరంలో అయస్కాంత దిశగా ఉండేది. కరెంటు పోయినా అయస్కాంతం అటునుంచి ఇటు తిరగదు కాబట్టి రాసింది రాసినట్టే ఉండేది. తర్వాత ఉంగరాల చోటు ట్రాన్సిస్టర్లు తీసుకున్నాయి. అవి చౌక, చిన్నవి, వేగమైనవి. కానీ కరెంటు అందకపోతే వాటికి నిమిషం కూడా జ్ఞాపకం నిలవదు. సీమాస్ రకం చిప్పులు మైక్రో ఆంపియర్లలో కొలిచేంత కొంచెం కరెంటుతో బతకగలవు గనుక పక్కన చిన్న బ్యాటరీ పెడితే చాలనుకున్నారు. అనుకున్నది తప్పేమీ కాదు. దాన్ని ఎక్కడ పెట్టాలన్న దగ్గరే తేడా వచ్చింది.

1980ల చివర్లో, 1990ల మొదట్లో వచ్చిన ఏటీ నకలు బోర్డుల్లో ఎక్కువగా కనిపించేది 3.6 వోల్టుల, 60 మిల్లీ ఆంపియర్ అవర్ల నికెల్-కాడ్మియం బ్యాటరీ. జర్మనీకి చెందిన వార్టా అనే బ్యాటరీల సంస్థ పేరు దాని మీద తరచుగా ఉంటుంది. స్వీడన్‌కు చెందిన వాల్డెమార్ యుంగ్నర్ 1899లో కనిపెట్టిన రసాయనమే ఇందులోనూ ఉంది. ఒక్కో సెల్లు 1.2 వోల్టులు, మూడు సెల్లులు వరుసగా పేర్చి ఒకే తొడుగులో బిగిస్తారు. లోపలి ద్రవం పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే గాఢమైన క్షారం. కంప్యూటరు ఆన్‌లో ఉన్నప్పుడు ఇది ఛార్జి అవుతుంది, ఆపినప్పుడు గడియారానికి కరెంటు ఇస్తుంది. గడియారం 20 మైక్రో ఆంపియర్లు లాగుతుందనుకుంటే 60 మిల్లీ ఆంపియర్ అవర్లు మూడు వేల గంటలకు, అంటే నాలుగు నెలలకు, సరిపోతాయి. రోజూ వాడే యంత్రానికి అది పుష్కలం. అటక మీదికి ఎక్కిన యంత్రానికి నాలుగు నెలల తర్వాత ఏమవుతుంది? మూడు సెల్లుల్లో బలహీనమైనది ముందు ఖాళీ అవుతుంది. మిగతా రెండూ ఇంకా నెడుతుంటే దాని ధ్రువాలు తారుమారై లోపల వాయువు పుట్టే వీలుంటుంది. ఏళ్ల తరబడి ఛార్జి మీద ఉండి ఎండిన ప్లాస్టిక్ బిరడా ఆ ఒత్తిడికి వదులవుతుంది. బిరడా బాగానే ఉన్నా క్షారానికి ఇంకో దారి ఉంది. రుణధ్రువం లోహం మీద గాలిలోని ఆక్సిజన్, తేమ కలిసి హైడ్రాక్సైడ్ అయాన్లను పుట్టిస్తాయి, వాటి వెంట పొటాషియం, దాని వెంట నీరు నడుస్తాయి. అలా కంటికి కనిపించని పొర ఒకటి లోహాన్ని పట్టుకుని పాకుతుంది. కారడం అనే మాట వింటే కుండ చిల్లి గుర్తొస్తుంది. ఇక్కడ జరిగేది పాకడం.

ఈ పాకుడును అర్థం చేసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు, తెలంగాణ పల్లెలో సౌడు చూసిన కళ్లు చాలు. పొలంలో అడుగు తడి మట్టి సందుల గుండా పైకి ఎక్కుతుంది, ఎండకు నీరు ఆవిరవుతుంది, మోసుకొచ్చిన లవణం తెల్లగా పైన మిగులుతుంది. పాత ఇళ్ల గోడల అడుగున పెచ్చులూడేదీ ఇలాగే. బోర్డు మీద క్షారం కూడా అంతే, సన్నటి సందుల్లోకి ఎక్కి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి పొటాషియం కార్బొనేట్‌గా, తెల్ల పిండిగా మారుతుంది. ఒకప్పుడు చాకిరేవులో బట్టలు ఉడకబెట్టిన సౌడుమట్టిలోది సోడియం కార్బొనేట్, దీనికి వరసకు అన్నదమ్ము. అయితే సౌడు ఎండాక కదలదు. పొటాషియం లవణాలకు గాలిలో తేమను లాక్కునే గుణం ఎక్కువ కాబట్టి వానాకాలం రాగానే ఇవి మళ్లీ తడిసి ఇంకాస్త ముందుకు జరుగుతాయి. వాటి దారిలో ఉన్న రాగి గీత మందం మామూలుగా 35 మైక్రాన్లు, మనిషి వెంట్రుకలో సగం. దాని మీది ఆకుపచ్చ లక్క పొర కిందికి ద్రవం దూరి, పొరను బొబ్బలా లేపుతుంది. పక్కనే వేరే లోహం, కాస్త వోల్టేజీ, ఆక్సిజన్ దొరికితే రాగి కరిగి చిలుముగా మారుతుంది. టంకంలోని తగరం, సీసం రెండూ క్షారంలో కరిగే రకాలే గనుక కీళ్లు మెరుపు పోయి బూడిద రంగుకు తిరుగుతాయి. ఇంకా లోతుగా జరిగే నష్టం రంధ్రాల్లో ఉంటుంది. బోర్డు ఒక పొర నుంచి ఇంకో పొరకు కరెంటును దాటించే సన్నని రంధ్రాల లోపలి గోడకు రాగి పూత ఉంటుంది. ద్రవం అందులో దిగితే పైకి మూత బాగానే కనిపిస్తూ లోపల పూత తెగిపోతుంది. భూతద్దం పెట్టినా అది కనబడదు.

వేడి ఈ పనిని తొందరపెడుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం సుమారు రెట్టింపు అవుతుందన్నది మోటు లెక్కే అయినా పనికొచ్చే లెక్క. 25 డిగ్రీల ఏసీ గదిలో ఉన్న బోర్డుతో పోలిస్తే 45 డిగ్రీల రేకుల గదిలోని బోర్డులో చర్యలు నాలుగింతల వేగంతో నడుస్తాయన్నమాట. మెదక్ జిల్లాలో వేసవి పగలు నలభై డిగ్రీలు దాటడం ఏటా ఉన్నదే, రేకుల కింద గాలి అంతకంటే వేడిగా ఉంటుంది. ఆ వెంటనే నైరుతి రుతుపవనాల తేమ. యూరప్ పుస్తకాల్లో చెప్పిన ఆయుష్షును నమ్ముకుని హవేలిఘనపూర్‌లో అటక మీద పెట్టె దాచడం కుదరదు.

చోటే అసలు తప్పు అన్నందుకు రుజువు కావాలి కదా. చరిత్ర ఇక్కడ మనకోసం ప్రయోగం చేసి పెట్టింది. ఐబీఎం అసలు పీసీ ఏటీలో ఉన్నది అదే గడియారం చిప్పు, అవే 64 బైట్లు. కానీ బ్యాటరీని బోర్డుకు అతికించలేదు. 6 వోల్టుల లిథియం డబ్బాను వైరుకు తగిలించి పెట్టె గోడకు అంటించారు. నకలు బోర్డుల తయారీదారులు ఆ వైరు, ఆ డబ్బా ఖర్చు మిగుల్చుకోవడానికి పీపాను నేరుగా బోర్డు మీద టంకం వేశారు. ఒకే పని, ఒకే మోస్తరు సర్క్యూట్, రెండు రకాల గతి. డబ్బా పాడైనా పాడయ్యేది పెట్టె గోడే. రెండో సాక్ష్యం మన బడుల నుంచే. 1984లో కేంద్రం మొదలుపెట్టిన క్లాస్ పథకం కింద దేశంలోని పాఠశాలలకు బ్రిటన్ నుంచి బీబీసీ మైక్రో యంత్రాలు వచ్చాయి. వాటిలోని మోడల్ బీ రకానికి గడియారమూ లేదు, దానికి బ్యాటరీ కూడా లేదు. వాటికి వేరే జబ్బు ఉంది, ఏళ్ల తర్వాత స్విచ్ వేస్తే పవర్ సప్లైలోని కాగితపు కెపాసిటర్ పొగ కక్కుతుంది. అయితే ఆ కెపాసిటర్ మారిస్తే బోర్డు లేచి కూర్చుంటుంది. వాటికంటే వయసులో చిన్నవైన ఏటీ నకళ్ల మూలలు మాత్రం కుళ్లిపోయాయి. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు కూడా కారుతాయి కదా అని అడగవచ్చు. కారుతాయి, నిజమే. కానీ వాటిలో ఇంత గాఢమైన క్షారం ఇన్ని చుక్కలు ఉండదు. దోషుల్లో చిన్నవాళ్లు ఉన్నంత మాత్రాన పెద్దవాడిని వదిలేయలేం.

ఇక శుభ్రం చేసే సంగతి. ఇక్కడ భాషే మనల్ని దారి తప్పిస్తుంది. ఇంట్లో ఇన్వర్టరు, పొలంలో ట్రాక్టరు చూసి చూసి ఏ బ్యాటరీ కారినా ‘యాసిడ్ కారింది’ అనడం అలవాటైంది. ఆ సీసపు బ్యాటరీల్లో ఉన్నది నిజంగానే గంధకామ్లం, దాని మీద తినే సోడా చల్లడం సరైన మందే. అదే సోడా ఈ పీపా మీద చల్లితే క్షారానికి క్షారం తోడు. దీనికి కావలసింది పులుపు. ఇత్తడి బిందెకు పట్టిన చిలుమును చింతపండుతో తోమే ఇంటివాళ్లకు ఈ సూత్రం పుస్తకం చదవకముందే తెలుసు, అందులోని టార్టారిక్ ఆమ్లం చిలుమును కరిగిస్తుంది. అయినా బోర్డుకు చింతపండు వద్దు. గుజ్జు సందుల్లో ఇరుక్కుంటుంది. అలవాటు చొప్పున వేసే ఉప్పులోని క్లోరైడు రాగికి కొత్త శత్రువు. తెల్ల వెనిగర్ చాలు, నాలుగైదు శాతం ఎసిటిక్ ఆమ్లం, వెనక ఏ గుజ్జూ లేదు. దూది పుల్లను ముంచి తెల్ల పిండి మీద ఆనిస్తే బుసబుసమని నురగ వస్తుంది. కార్బొనేట్ నుంచి బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోతున్న చప్పుడది. నురగ ఆగేదాకా పుల్లలు మారుస్తూ తుడవాలి. ఆ పుల్ల కొస నీలి పచ్చగా మారితే రాగి కొంత కరిగి వస్తోందని గుర్తు. ఆమ్లాన్ని బోర్డు మీద వదిలేస్తే అదీ తినదా అన్న అనుమానం న్యాయమైనదే. పైగా చర్యలో పుట్టే పొటాషియం ఎసిటేట్ కూడా తేమను లాక్కునేదే. అందుకే వెనిగర్ తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడుసార్లు కడగాలి, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టాలి. కుళాయి నీళ్లు వాడితే మన బోరు నీటి లవణాలన్నీ అక్కడే మిగులుతాయి.

కడగడానికి ముందే బ్యాటరీని తీసేయాలి. దాన్ని పట్టుకుని ఊపి లాగితే రాగి మెత్తలు కూడా ఊడి వస్తాయి, కాబట్టి కటింగ్ ప్లయర్‌తో కాళ్లు కత్తిరించి, మిగిలిన ముక్కలను తర్వాత ఒక్కొక్కటిగా తీయాలి. క్షారం తిన్న టంకం వేడికి కరగదు, పైన ఆక్సైడు పొర కట్టి ఉంటుంది. దాని మీద ఫ్లక్స్ రాసి కొంచెం కొత్త టంకం కలిపితే లొంగుతుంది. ఆ తర్వాత ఓపిక పని మొదలవుతుంది. నల్లబడిన ప్రతి గీతకూ రెండు కొసల్లో మల్టీమీటర్ ముళ్లు ఆనించి బీప్ వినాలి. కళ్లను నమ్మకూడదు, నల్లగా ఉన్న గీత బతికి ఉండవచ్చు, మెరిసే రంధ్రం లోపల తెగి ఉండవచ్చు. తెగినచోట లక్క గీకి, రాగికి పాత్రలకు కళాయి వేసినట్టు పలచగా టంకం పూసి, సన్న వైరుతో కలపాలి. బ్యాటరీకి దగ్గరి చుట్టం కీబోర్డు కంట్రోలర్ చిప్పు గనుక తెగిన గీతల్లో చాలామటుకు దానివే అవుతాయి. ‘కీబోర్డు పని చేయడం లేదు’ అన్న సందేశం చూసి కొత్త కీబోర్డు కొనేవాళ్లు ముందు ఈ మూల చూస్తే డబ్బు మిగులుతుంది.

కొత్త బ్యాటరీ దగ్గరికి వద్దాం. దుకాణంలో అదే కొలతలో, అదే 3.6 వోల్టుల నికెల్-మెటల్ హైడ్రైడ్ దొరుకుతుంది. కాడ్మియం లేదు కాబట్టి మంచిదంటారు. కానీ లోపలి ద్రవం అదే పొటాషియం హైడ్రాక్సైడ్. పదేళ్ల తర్వాత ఇదే కథ. సీఆర్ 2032 నాణెపు సెల్ మేలు కాదా? దాని ద్రవం క్షారం కాదు, కారడం అరుదు. కానీ అది 3 వోల్టులే. దాన్ని ఛార్జి చేయకూడదు, చేస్తే వేడెక్కి పగలవచ్చు. బోర్డు ఛార్జి పంపకుండా మధ్యలో డయోడ్ పెట్టాలి, డయోడ్ కొంత వోల్టేజీ తింటుంది, ఎంసీ 146818 లాంటి చిప్పుకు 3 వోల్టులకు తగ్గితే భరోసా లేదు. చాలా యంత్రాల్లో నడుస్తుంది, కొన్నింట్లో తేదీ తప్పుతుంది. నా ఓటు గోడ గడియారంలో వేసే మూడు ఏఏ ఆల్కలైన్ సెల్లులకు. ప్లాస్టిక్ హోల్డర్‌లో పెట్టి, డయోడ్ తగిలించి, జానెడు వైరుతో పెట్టె గోడకు అంటించాలి. చాలా నకలు బోర్డుల మీద బయటి బ్యాటరీ కోసం నాలుగు కాళ్ల సాకెట్ ముందే ఉంటుంది, ఏ కాలు ధనమో మీటరుతో తేల్చుకుంటే చాలు. ఆల్కలైన్ సెల్లులో ఉన్నదీ పొటాషియం హైడ్రాక్సైడే కదా, అదీ కారుతుంది కదా అని పట్టుకుంటారు. అవును, కారుతుంది. కారితే హోల్డర్ పాడవుతుంది, కొత్త హోల్డర్ ఒక టీ ఖర్చుకు అటూ ఇటూ. లోపలి క్షారం మారకపోయినా చోటు మార్చి ప్రమాదాన్ని తీసేయగలిగాం.

లిథియం వేస్తే ఏ చోటైనా ఫరవాలేదనేవాళ్లకు పాత మాకింతోష్ యంత్రాలు జవాబు. వాటిలో 3.6 వోల్టుల సగం ఏఏ లిథియం సెల్ ఉండేది, లోపల థయొనైల్ క్లోరైడ్. అది బయటికొచ్చి తేమ తగిలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది. బోర్డుతో పాటు ఇనుప చట్రం కూడా తుప్పు పడుతుంది. ఇక మ్యూజియం దృష్టితో వచ్చే అభ్యంతరం గట్టిది, అసలు భాగాన్ని తీసేస్తే వస్తువు అసలుతనం పోదా అని. కానీ అసలుతనం అన్నది బోర్డంతటిదీ. ఒక భాగం మిగతా వందల భాగాలను తింటూ ఉంటే దాన్ని ఉంచడం వల్ల అసలుతనం ఏటేటా తగ్గిపోతుంది. ఫొటో తీసి, పాత పీపాను సంచిలో వేసి చీటీ కట్టి వేరే పెట్టెలో దాస్తే చరిత్ర ఎక్కడికీ పోదు. నాకు నిజంగా లొంగని అభ్యంతరం ఒక్కటే, అది ఆటల యంత్రాల నుంచి వస్తుంది. 1993 నుంచి జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ సంస్థ సీపీఎస్ 2 అనే ఆర్కేడ్ బోర్డుల్లో ఆటను చదవడానికి కావలసిన తాళం చెవిని బ్యాటరీ కాపాడే మెమరీలో పెట్టింది. ఆ బ్యాటరీ తీసేస్తే తాళం చెవి చెరిగిపోయి ఆట చచ్చిపోతుంది. అలాంటి చోట ముందు రెండో బ్యాటరీని సమాంతరంగా కలిపి, తర్వాతే పాతది తీయాలి. మామూలు కంప్యూటరుకు ఆ బాధ లేదు, దాని యాభై బైట్లను మనిషి మళ్లీ చేత్తో నింపగలడు.

తీసిన పీపాను చెత్తకుప్ప మీదా పొయ్యిలోనూ వేయకూడదు, కాడ్మియం మూత్రపిండాలకు, ఎముకలకు విషం. బిగుతైన మూత ఉన్న సీసాలో వేసి ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకు అప్పగించాలి. ఇంకో మాట, యంత్రాన్ని రోజూ వాడనివాళ్లు కొత్త బ్యాటరీ అసలు పెట్టకపోయినా నష్టం లేదు. స్విచ్ వేయగానే అది వివరాలు పోయాయని ఫిర్యాదు చేస్తుంది, తేదీ అడిగితే 1980 జనవరి 1 అంటుంది. డాస్ లెక్క మొదలయ్యే రోజు అదే. ఇబ్బంది డిస్కు రకం చెప్పే దగ్గరే వస్తుంది. ఉదాహరణకు ఆ రోజుల్లో విరివిగా అమ్ముడైన సీగేట్ ఎస్టీ 225 డిస్కుకు 615 సిలిండర్లు, 4 హెడ్లు, ట్రాకుకు 17 సెక్టార్లు, ఏటీ పట్టికలో రెండో రకం. ఇవి గుర్తులేకపోతే మంచి డిస్కు కూడా తెరుచుకోదు. కాబట్టి బ్యాటరీ తీయబోయే ముందు, యంత్రం ఇంకా మాట్లాడుతుంటే, సెటప్ తెర తెరిచి ఆ అంకెలన్నీ ఒక చీటీ మీద పెన్సిలుతో రాసి మూత లోపలి వైపు అంటించాలి. సిరా అయితే ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోవచ్చు.